కంపైలర్ వెర్షన్ మాక్రోలు: పదేళ్లు వాడాక చెప్తున్నా

ఒక సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ లైనక్స్, విండోస్, మ్యాక్ మూడిట్లోనూ బిల్డ్ అయ్యేలా చూసుకోవడం పదేళ్లుగా నా పని. కంపైలర్ (కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రాం) ఏది, ఎన్నో వెర్షన్ అని కోడ్‌లోనే కనుక్కునే మాక్రోలు, అంటే కంపైలర్ ముందే విలువ పెట్టి ఉంచే పేర్లు, లేకపోతే అది కుదిరేది కాదు, అందుకే ఇవంటే నాకు గౌరవం. కానీ జాగ్రత్తగా వాడాలి.

నాకు తగిలిన దెబ్బే చెప్తా. జీసీసీ అనే కంపైలర్ మేజర్, మైనర్ నంబర్లు (4.8 అంటే మేజర్ 4, మైనర్ 8) చూడ్డానికి పాత కోడ్‌లో __జీఎన్‌యూసీ__ >= 4 అండ్ __జీఎన్‌యూసీ_మైనర్__ >= 8 అని ఉండేది, 4.8, 4.9 నడిచినంతకాలం ఏ గొడవా లేదు. 2015లో జీసీసీ 5.1 వచ్చింది, మేజర్ 5 మైనర్ 1, ఒకటేమో ఎనిమిది కన్నా చిన్నది కదా, దాంతో కండిషన్ ఫెయిలై కొత్త కంపైలర్‌ని పాతదనుకుని, పాతవాటి కోసం ఉంచిన స్లో కోడ్‌ని పట్టుకుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, టెస్టులన్నీ పాస్, ప్రోగ్రాం మాత్రం నెమ్మదించింది. కారణం దొరకడానికి రెండ్రోజులు పట్టింది. అప్పట్నుంచి మేజర్‌ని 100తో గుణించి మైనర్ కలిపి, వచ్చిన ఒక్క నంబర్నే 408తో పోలుస్తున్నా.

క్లాంగ్ అనే మరో కంపైలర్‌తో ఇంకో తిప్పలు. అది మామూలుగా జీసీసీ 4.2.1 అని చెప్పుకుంటుంది, కాబట్టి __క్లాంగ్__ ఉందా అన్నది ముందు చూడాలి, జీసీసీ సంగతి ఆ తర్వాతే. ఆపిల్ వాళ్ల క్లాంగ్ నంబర్లు అసలు క్లాంగ్ నంబర్లతో కలవవు, రెండిటికీ ఒకే లెక్క పెట్టకండి.

విండోస్‌లో మైక్రోసాఫ్ట్ కంపైలర్ వెర్షన్ చెప్పే _ఎంఎస్‌సీ_వీఈఆర్ బాగుంటుంది: విజువల్ స్టూడియో 2015కి 1900, 2017కి 1910 నుంచి, 2019కి 1920 నుంచి. అక్కడ సీ ప్లస్ ప్లస్ స్టాండర్డ్ ఏదో చెప్పే __సీప్లస్‌ప్లస్‌ని మాత్రం నమ్మొద్దు, ప్రత్యేకంగా స్విచ్ ఇస్తే తప్ప ఇప్పటికీ 199711, అంటే 1998 నాటి స్టాండర్డ్ అనే చూపిస్తుంది.

మాక్రో పేరులో ఒక్క అక్షరం తప్పినా ప్రీప్రాసెసర్ (కంపైల్‌కి ముందు మాక్రోల సంగతి చూసే భాగం) దాన్ని సున్నా అనుకుని ముందుకెళ్లిపోతుంది, అందుకే అలాంటి తెలియని పేరుని పట్టిచ్చే అండెఫ్ వార్నింగ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతా.

ఇప్పుడైతే హెడర్ (కోడ్‌లోకి కలుపుకునే ఫైల్) ఉందో లేదో తెలియాలంటే __హ్యాజ్_ఇంక్లూడ్ వాడతా, అది వెర్షన్ని కాదు, నాక్కావాల్సిన వస్తువునే అడుగుతుంది. వెర్షన్ చెక్‌ని ఏదో ఒక వెర్షన్లో ఉన్న కంపైలర్ బగ్‌ని తప్పించుకోడానికే ఉంచుకున్నా, పక్కన కామెంట్లో ఆ బగ్ ఏంటో కచ్చితంగా రాస్తా. కొత్త జీసీసీయో క్లాంగో రాగానే ఖాళీ ఫైల్ మీద మైనస్ డీఎమ్, మైనస్ ఈ ఆప్షన్లతో (ఇవి ముందే ఉన్న మాక్రోలన్నీ రాసిస్తాయి) నడిపి, వచ్చిన మాక్రోల లిస్టుని పాత లిస్టుతో డిఫ్ కొట్టి, అంటే తేడాలేంటో పోల్చి చూశాకే మిగతా పని మొదలెడతా.