అబిడ్స్‌కు ఏది మేలు: పార్కింగా, నడకా?

ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ అబిడ్ ఇక్కడ కొట్టు పెట్టాడు, పేటకు ఆ పేరే మిగిలింది. ఒకప్పుడు పెళ్లి బట్టలకైనా, సెకండ్ షోకైనా హైదరాబాద్ జనం ఇక్కడికే వచ్చేవారు. ఇప్పుడు చాలామంది మాల్స్‌కి పోతున్నారు.

పెద్ద పార్కింగ్ కడితే కార్లవాళ్లు తిరిగొస్తారని కొందరంటారు. రావచ్చు. కొనుక్కుని వెంటనే వెళ్లిపోతారు కూడా.

రెండో దారి, సాయంత్రాలు బండ్లు ఆపి రోడ్డును నడిచేవాళ్లకు వదలడం. ఆదివారం వెళ్లి చూడండి: మూసిన షట్టర్ల ముందు, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. జనం గొంతుక్కూర్చుని, దుమ్ము దులిపి, పేజీలు తిప్పి, బేరమాడుతుంటారు. టైమే తెలియదు. నా ఓటు దీనికే. కాకపోతే బస్సుల్ని ఎటు మళ్లించాలన్నది పెద్ద తలనొప్పే.