వీరుడికి జీతమిచ్చేది ఎవరు? కొత్త సూపర్ హీరో ధారావాహికల సమీక్ష

2021లో వచ్చిన 'ది ఫాల్కన్ అండ్ ది వింటర్ సోల్జర్' మొదటి భాగంలో ఒక బ్యాంకు సన్నివేశం ఉంది. లోకాన్ని కాపాడిన బృందంలో ఒకడైన శామ్ విల్సన్, తన తోబుట్టువు సారాతో కలిసి కుటుంబపు చేపల పడవను నిలబెట్టుకోవడానికి అప్పు అడగడానికి వెళ్తాడు. అధికారి అతన్ని గుర్తుపట్టి సంబరపడతాడు, మీవాళ్లకు జీతాలు ఎలా వస్తాయని కుతూహలంగా ఆరా తీస్తాడు, చివరికి ఐదేళ్లుగా ఆదాయం లేదన్న కారణం చూపి అప్పు ఇవ్వలేమంటాడు. తిరుపతిలో ఆదాయ ధ్రువపత్రం పట్టుకుని ఏ బ్యాంకు శాఖలోనైనా కూర్చున్నవారికి ఆ సంభాషణ అర్థం కావడానికి తెలుగు అనువాదం అక్కర లేదు. ఆ ధారావాహికలోని మిగిలిన పోరాటాలు నాకు పెద్దగా గుర్తు లేవు గానీ, ఆ సన్నివేశం వేసిన ప్రశ్న మాత్రం తర్వాత చూసిన వాటన్నిటికీ కొలబద్దగా నిలిచింది. అతీత శక్తి ఉన్నవాడికి తిండి పెట్టేది ఎవరు? అతని మీద ఆజమాయిషీ ఎవరిది?

ఈ ప్రశ్నకు అన్నిటికంటే కటువుగా జవాబు చెప్పింది ప్రైమ్ వీడియోలో 2019లో మొదలైన 'ది బాయ్స్'. గార్త్ ఎనిస్, డారిక్ రాబర్ట్‌సన్ల కామిక్ ఆధారంగా ఎరిక్ క్రిప్కీ దీన్ని రూపొందించారు. ఇందులో వీరులందరూ వాట్ అనే కార్పొరేట్ సంస్థ ఉద్యోగులు. వారి సినిమాలు, ప్రకటనలు, పొత్తులు, ప్రేమలు అన్నీ సంస్థ ప్రచార విభాగం నిర్ణయిస్తుంది. వారి శక్తులు దైవదత్తమని జనాన్ని నమ్మించి, అవి నిజానికి పసితనంలో ఎక్కించిన ఒక మందు ఫలితమన్న సంగతిని సంస్థ దాచిపెడుతుంది. మొదటి సీజన్‌లోని విమాన ఘట్టం ఇప్పటికీ ఈ ధారావాహికకు శిఖరమని నా అభిప్రాయం. హైజాకైన విమానంలోకి దూకిన హోమ్‌లాండర్, అంటే వాట్ వీరుల నాయకుడు, తన కంటి మంటలతో పొరపాటున విమానాన్ని నడిపే పరికరాలనే కాల్చేస్తాడు. విమానాన్ని భుజాన మోసి దించమని తోటి వీరురాలు మేవ్ ప్రాధేయపడితే, గాలిలో నిలబడడానికి ఆధారమే లేదు కదా అని చిరాకుపడతాడు. ప్రయాణికులను చావుకు వదిలేసి, ఆ తర్వాత శిథిలాల ముందు కంటతడితో నిలబడి, వీరులను సైన్యంలోకి తీసుకుని ఉంటే ఇలా జరిగేది కాదని ఉపన్యసిస్తాడు. వైఫల్యాన్నే పెట్టుబడిగా మార్చుకునే ఈ విద్యను ఇంత స్పష్టంగా చూపిన రచన ఈ కోవలో నాకు మరొకటి కనిపించలేదు.

తెర మీది మహిమ ఓట్ల దాకా ఎలా నడుస్తుందో తిరుపతి ప్రేక్షకుడికి ఒకరు చెప్పనక్కర లేదు. 1983లో ఎన్.టి. రామారావు ఇక్కడా గుడివాడలోనూ పోటీ చేసి రెండు చోట్లా గెలిచారు. 2009లో చిరంజీవి పాలకొల్లులో ఓడి తిరుపతిలో నెగ్గారు. వారిద్దరూ ప్రజల ముందుకు వచ్చి, ఓటు అడిగి, గెలుపోటములు రెండూ చూసినవారు కనుక హోమ్‌లాండర్‌తో పోలిక పెట్టడం అన్యాయం. కటౌట్లకు పాలాభిషేకాలు చేసే అభిమానాన్ని దగ్గరగా చూసినవారికి మాత్రం మూడో సీజన్ ముగింపు, అంటే ఒక నిరసనకారుణ్ణి హోమ్‌లాండర్ అందరి ముందే చంపితే గుంపు నిశ్శబ్దమై, వెంటనే కేరింతలు కొట్టే ఘట్టం, దూరదేశపు కథలా అనిపించదు. తర్వాతి సీజన్లలో రక్తపాతం వెగటు పుట్టించేంతగా పెరిగింది, వ్యంగ్యం కూడా అమెరికా ఎన్నికల వార్తలకు మరీ అంటుకుపోయింది.

డేర్‌డెవిల్ అనే ముసుగు వీరుడి కథ 'డేర్‌డెవిల్: బార్న్ అగైన్' 2025లో వచ్చింది. నేర సామ్రాజ్యాధిపతి ఫిస్క్ న్యూయార్క్ మేయరుగా ఎన్నికై, ముసుగు వీరులను వేటాడడానికి ప్రత్యేక దళాన్ని ఏర్పాటు చేస్తాడు. ఆలోచన పదునైనదే కానీ, నిర్మాణం సగంలో ఆగి, కొత్త రచయితలు పగ్గాలు పట్టిన అతుకులు అక్కడక్కడా బయటపడుతూనే ఉంటాయి.

'మిస్ మార్వెల్' 2022 నాటిది, ఆరు భాగాలు. జెర్సీ సిటీలోని పాకిస్తానీ కుటుంబానికి చెందిన కమలా ఖాన్ ఇంకా కాలేజీకైనా వెళ్లని బడిపిల్ల కనుక జీతం ప్రశ్న ఆమెకు వర్తించదు. ఆమె మీద ఆజమాయిషీ మొదట తల్లిది, తర్వాత మసీదు దాకా వచ్చి సోదా చేసే ప్రభుత్వ శాఖది. 1947 విభజన వేళ కరాచీకి బయలుదేరే రైలు కోసం జనం ఎగబడిన స్టేషన్‌లో తప్పిపోయిన పసిపాపను తండ్రి చేతికి చేర్చే ఘట్టం ఈ ధారావాహికలో బలమైనది. విభజన గాయం నేరుగా తగలని రాయలసీమలో కూర్చుని చూసినా ఆ ప్లాట్‌ఫారం మీది తొక్కిసలాట, పేర్లు పిలిచే గొంతులు కదిలిస్తాయి. చివరి పోరాటం మాత్రం సాదాసీదాగా తేలిపోయింది.

వీటన్నిటిలో మొదట చూడమని నేను చెప్పేది 2024లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'సూపాసెల్'. రాప్‌మన్ సృష్టించిన ఈ ఆరు భాగాల కథలో దక్షిణ లండన్‌లోని ఐదుగురు నల్లజాతి వ్యక్తులకు అకస్మాత్తుగా శక్తులు వస్తాయి. మైకేల్ పార్సిళ్లు చేర్చే డ్రైవరు. సబ్రీనా నర్సు. ఆండ్రే జైలు నుంచి వచ్చాడన్న కారణంతో పని నిలవని తండ్రి. రాడ్నీకి మెరుపు వేగం వచ్చినప్పుడు అతడు లోకాన్ని కాపాడాలనుకోడు. అమ్మే గంజాయిని ఇంకా త్వరగా చేర్చవచ్చని లెక్క వేసుకుంటాడు. ఇది నీతి తప్పిన లెక్కే అయినా, చేతిలో డబ్బు లేనివాడు అలాగే ఆలోచిస్తాడన్న నమ్మకం ప్రేక్షకుడికి కలుగుతుంది. శక్తి వచ్చిన మర్నాడు కూడా ఇంటద్దె ఇంటద్దెగానే ఉంటుంది.

ఈ శక్తుల మూలం వారి కుటుంబాల్లో నడుస్తున్న సికిల్ సెల్ వ్యాధితో ముడిపడి ఉండడం కథలోని అసలు విశేషం. ఈ వ్యాధిలో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి వంగి, సన్నని రక్తనాళాల్లో చిక్కుకుని, భరించలేని నొప్పిని కలిగిస్తాయి. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే, అంటే తమకు వ్యాధి లేకున్నా దాని జన్యువును మోసేవారైతే, పుట్టే ప్రతి బిడ్డకూ వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. మన రాష్ట్రంలో ఇది ప్రధానంగా మన్యం గిరిజనుల బాధ. 2047 నాటికి దీన్ని నిర్మూలించాలన్న లక్ష్యంతో కేంద్రం 2023లో జాతీయ మిషన్ ప్రారంభించింది. తిరుపతిలో చదువుకున్నవారిలో కూడా ఈ పేరు విననివారు చాలామందే ఉంటారు. అలాంటి వ్యాధిని కథకు కేంద్రంగా నిలిపి, మైకేల్ తల్లి అనుభవించే నొప్పిని కథకు అలంకారంగా కాక రోజువారీ వాస్తవంగా చూపడం సాహసమే. దుష్టుల ప్రయోగశాల మాత్రం ఎన్నోసార్లు చూసిన సరుకు. స్త్రీ పాత్రలకు, ముఖ్యంగా మైకేల్ కాబోయే భార్య డయాన్‌కు, ఇంకా చోటు ఇచ్చి ఉండవలసింది.

'సూపాసెల్'లో గంజాయి, ముఠాల హింస ఉన్నాయి కనుక అది పెద్దపిల్లలకే తగినది. ఇంటిల్లిపాదీ కలిసి చూడదలిస్తే 'మిస్ మార్వెల్' ఒక్కటే నిశ్చింత. 'ది బాయ్స్' ఖచ్చితంగా పెద్దలకు మాత్రమే. అందులోనూ మొదటి సీజన్ చూసి, నచ్చితేనే ముందుకు వెళ్లడం మేలు.