ఒంటరి ధ్యానమా, గుడిలో సేవా?

జీవితానికి అర్థం వెతుక్కునేవారి ముందు రెండు దారులుంటాయి. ఇంట్లో ధ్యానానికి ఖర్చు లేదు, వేళాపాళా పట్టింపు లేదు. కానీ కళ్లు మూయగానే అప్పులు, పిల్లల ఫీజులు గుర్తుకొస్తాయి.

సేవ వేరు. ఆషాఢంలో వరంగల్ భద్రకాళి అమ్మవారి శాకంబరి అలంకరణకు బెండకాయలు, పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చుతూ కూర్చోండి. వేళ్లు భగ్గున మండుతాయి, మనసు మాత్రం సూదిమొన దాటి పోదు. పక్కన కూర్చున్నవారిది ఏ కులమో అడగాలనే అనిపించదు. నాకు అదే గొప్ప సంగతి.

అవ్యక్తాన్ని, అంటే రూపం లేని దైవాన్ని, ఉపాసించడం దేహధారులకు కష్టమని గీత 12వ అధ్యాయమే చెబుతోంది. మన బమ్మెర పోతన భాగవతంలో ప్రహ్లాదుడు చెప్పే తొమ్మిది భక్తిమార్గాల్లో స్మరణమూ ఉంది, సేవా ఉంది. అయినా కొత్తగా మొదలుపెట్టేవారికి నేను సేవనే చెబుతాను. మంచం పట్టిన పెద్దలకైతే ధ్యానమే.