టెర్రస్‌కు పీయూ కోటింగ్: ఆరు వానాకాలాల తర్వాత

హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, పైన సుర్ఖీ, అంటే సున్నం, ఇటుక ముక్కల పొర, వేసిన పాత స్లాబ్. దాని మీద పాలీయురేథేన్ కోటింగ్, అందరూ పీయూ అనేది, వేయించి ఆరు వానాకాలాలు గడిచాయి. మందం సరిగ్గా పడిన చోట చుక్క కూడా దిగలేదు. కారింది మూడే చోట్ల: పిట్టగోడ మూల, వాననీటి పైపు నోరు, తర్వాత ఎవరో కొట్టిన డ్రిల్ రంధ్రం. అయితే ఇంటికి జరిగిన నష్టంలో ఎక్కువ భాగం కోటింగ్‌కు ముందు, అసోసియేషన్ ఏ నిర్ణయమూ తీసుకోని రోజుల్లో జరిగిందే. అందుకే కోటింగ్ మందు గురించీ, అసోసియేషన్ కమిటీ గురించీ కలిపే చెప్పాలి.

కమిటీ ఆగిపోయేది ఎప్పుడూ ఒక్క ప్రశ్న దగ్గరే: ఈ లీకేజీ ఎవరిది? అది తేలకుండా వాళ్లు డబ్బు తీయరు, తీయకూడదు కూడా. కాబట్టి ఫిర్యాదుకు ముందు పరీక్షలు చేయించాలి. వాన లేని రోజుల్లోనూ సీలింగ్ మీద మచ్చ ఒకే తీరుగా తడిగా ఉంటే నీటి లైన్‌ను అనుమానించాలి. పై ఫ్లాట్ వాళ్లు రాత్రి గేట్ వాల్వ్ కట్టేస్తే పొద్దుటికి చుక్కలు తగ్గాయా చూడాలి. స్నానాలు అయిన గంటకో రెండు గంటలకో పెరుగుతుంటే బాత్రూమ్. నహానీ ట్రాప్, అంటే నేలలో నీళ్లు పోయే జాలీ గుంట, నోరు గుడ్డతో బిగించి, నేల మీద అంగుళం ఎత్తున రంగు నీళ్లు 24 గంటలు నిలబెట్టాలి. అప్పుడే కారితే టైల్స్ సందులది తప్పు. గుడ్డ తీశాక కారితే ట్రాప్‌దో, దాని కింది పైపుదో. డక్ట్‌లో, అంటే పైపులు దిగే సందులో, అన్ని ఫ్లాట్లకూ కలిసి వెళ్లే నిలువు పైపు అసోసియేషన్‌ది, బాత్రూమ్ నేల పై ఫ్లాట్ ఓనర్‌ది.

టెర్రస్‌కైతే పైపు నోళ్లన్నీ మూసి రెండు మూడు అంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టాలి. మూడు అంగుళాలంటే చదరపు మీటరుకు 75 కిలోల బరువు, అంతకు మించొద్దు. కింద ఇప్పటికే పెచ్చులూడి కమ్మీ కనిపిస్తుంటే స్ట్రక్చరల్ ఇంజనీర్ చూడకుండా ఈ పరీక్ష చేయనే వద్దు. ఇంకొకటి, సుర్ఖీ స్లాబ్‌లో నీళ్లు ఒకచోట దిగి, ఇటుక ముక్కల మధ్య పారి, మరెక్కడో బయటపడతాయి. మచ్చకు సరిగ్గా పైన మాత్రమే అతుకు వేయిస్తే డబ్బు వృథా.

టెర్రస్ అందరి ఉమ్మడి ఆస్తి. పై అంతస్తు వాళ్ల సీలింగే తడుస్తున్నా ఖర్చు గ్రౌండ్ ఫ్లోర్‌తో సహా అందరిదీ. బైలాస్‌లో, అంటే అసోసియేషన్ నియమావళిలో, ఉన్నట్టు చదరపు అడుగుల లెక్కనో, యూడీఎస్ (స్థలంలో ఒక్కో ఫ్లాట్‌కు ఉండే విడదీయని వాటా) లెక్కనో పంచుకోవాలి.

ఇక ఆలస్యానికి రెండో కారణం కొటేషన్లు. ఒకరు యాక్రిలిక్, ఒకరు పీయూ, ఇంకొకరు తారు షీట్ రాసిస్తారు. వాటిని పోల్చడం ఎవరి తరమూ కాదు, మీటింగ్ వాయిదా పడుతుంది. ముగ్గురికీ ఒకే కాగితం ఇవ్వాలి: పిట్టగోడ మీదికి ఎక్కే అడుగు ఎత్తుతో కలిపి మొత్తం చదరపు అడుగులు, అడుగున ప్రైమర్, దాని మీద రెండు పూతలు, ఆరిన తర్వాత ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం, వాడబోయే కిలోలు. ఆ మందానికి చదరపు మీటరుకు సుమారు రెండు నుంచి రెండున్నర కిలోలు పడుతుంది. వెయ్యి చదరపు అడుగులంటే 93 చదరపు మీటర్లు, అంటే 20 కిలోల బకెట్లు పది పన్నెండు. పని జరిగే రోజు ఖాళీ బకెట్లు లెక్కపెట్టండి. నాలుగైదే కనిపిస్తే వేసింది కోటింగ్ కాదు, రంగు. యాక్రిలిక్ చవకే కానీ, వాలు లేక నీళ్లు నిలిచే చోట మెత్తబడి రెండు మూడేళ్లలో లేచిపోతుంది. బిల్లులో పది శాతం వచ్చే వానాకాలం దాటేదాకా ఆపుకుంటామని ఒప్పందంలోనే రాయించాలి.

నైరుతి వానలు జూన్‌లో హైదరాబాద్ చేరతాయి. పని ఏప్రిల్, మే నెలల్లో అయిపోవాలంటే జనవరి మీటింగ్‌లోనే తీర్మానం జరగాలి. నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అక్కడ లెక్క వేరు. "వానలు తగ్గాక చూద్దాం" అన్న మాట సంక్రాంతికల్లా "ఇప్పుడు కారడం లేదుగా" అవుతుంది. మరో ఏడాది పోతుంది.

కోటింగ్ ముందు తేమ చూడడం అన్నిటికన్నా ముఖ్యం. అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీట్‌ను నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రాత్రి ఉంచాలి. పొద్దున దాని అడుగున చెమట పట్టినట్టు నీటి బిందువులు కనిపిస్తే ఆ రోజు మందు వేయకూడదు, వేస్తే నెలలోపే బుడగలు లేస్తాయి. పిట్టగోడ, గచ్చు కలిసే మూలలో రెండు అంగుళాల వాలు గట్టు కట్టి, దాని మీదుగా మందు పైకి ఎక్కించాలి. ఆ గట్టు లేని చోటే మూడో వానకు చీలింది. మే ఎండలో కాలిపోతున్న గచ్చు మీద వేస్తే సూదిమొన రంధ్రాలు పడతాయి, సాయంత్రం చల్లబడ్డాకే వేయించాలి.

ఆలస్యం వల్ల సీలింగ్‌లో కమ్మీ తుప్పు పడితే పుట్టీ, పెయింట్‌తో కప్పొద్దు. తుప్పు పట్టిన కమ్మీ ఉబ్బి కాంక్రీట్‌ను తోసేస్తుంది. కమ్మీ వెనకదాకా కొట్టి, వైర్ బ్రష్‌తో రుద్ది, జింక్ ప్రైమర్ పూసి పాలిమర్ మోర్టార్ పెట్టాలి. తాజాగా కొట్టిన చోట ఫినాల్ఫ్తలీన్ అనే పరీక్ష ద్రావణం చల్లితే మంచి కాంక్రీట్ గులాబీ రంగుకు మారుతుంది. రంగు మారని చోట కాంక్రీట్ క్షారం పోయింది, కమ్మీకి రక్షణ లేదు. ఇంజనీర్ చేత ఇది చేయించి రిపోర్టు తీసుకుంటే మీటింగ్‌లో అరగంట వాదన తగ్గుతుంది.

అయినా కమిటీ కదలకపోతే, పరీక్షల తేదీలు, ఫొటోలు, రిపోర్టు జతచేసి సెక్రటరీకి రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపాలి. వాట్సాప్ మెసేజ్ చాలదు. తర్వాత బైలాస్ చెప్పినంతమంది సంతకాలతో ప్రత్యేక జనరల్ బాడీ అడగాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన అసోసియేషన్ అయితే, సెక్షన్ 23 ప్రకారం ఆర్బిట్రేషన్‌కు గానీ జిల్లా కోర్టుకు గానీ వెళ్లొచ్చు. బిల్డింగ్ కొత్తదైతే ముందు రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, చూడాలి: పొసెషన్ ఇచ్చిన ఐదేళ్లలోపు స్ట్రక్చర్, పనితనం లోపాలు చూపిస్తే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని సెక్షన్ 14(3) చెబుతోంది. కమిటీ సాగదీస్తే ఆ ఐదేళ్లు కూడా కరిగిపోతాయి. భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీలో పైపు పగిలితే, ట్యాంకు పొంగితే క్లెయిమ్ ఉంటుంది. నెమ్మదిగా చెమ్మ దిగడాన్ని అరుగుదల కింద కొట్టేస్తారు.

కోటింగ్ పడ్డాక సోలార్ స్టాండుకు, డిష్‌కు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌కు గచ్చులో బోల్టు దిగకూడదని తీర్మానం రాసుకోవాలి. స్టాండు కావాలంటే కోటింగ్ మీద రబ్బరు మ్యాట్ పరిచి, ఇంజనీర్ గాలి లెక్క వేసి ఎంత బరువు చెబితే అంత సిమెంటు దిమ్మ పెట్టాలి. ఏటా మే చివర్లో పైపు నోళ్ల ఆకులు తీసి, మూలలన్నీ వేలితో నొక్కి చూడాలి. లేచిన చోట ఆ అడుగు మేర కోసి అదే మందుతో అతుకు వేస్తే ఒక పూట పని.