బోమాంట్-ఆడమ్స్ మేలా, లండన్ కోల్ట్ మేలా?

బ్రిటిష్ సైన్యం వాడిన క్యాప్ రివాల్వర్ (సిలిండర్ వెనక నిపుల్ అనే చిన్న గొట్టం మీద పేలుడు మందు క్యాప్ పెట్టి పేల్చేది) ఒక్కటే కొనగలిగితే ఏది కొనాలి? నా ఓటు బోమాంట్-ఆడమ్స్‌కే.

లండన్ కోల్ట్‌ను, అంటే లండన్‌లో చేసిన కోల్ట్ 'నేవీ' మోడల్‌ను, తీసిపారేయడం లేదు. అమెరికా తుపాకీ తయారీదారు శామ్యూల్ కోల్ట్ 1853లో లండన్‌లోని పిమ్లికోలో ఫ్యాక్టరీ తెరిచాడు, 1856కల్లా మూసేశాడు. క్రిమియా యుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం అతని దగ్గర వేల సంఖ్యలో కొన్నది. ఆరు గుళ్లు, .36 క్యాలిబర్. బ్యారెల్ మీద లండన్ పేరుంటుంది, అమెరికాలో తయారైన నేవీ మోడల్‌కు ఇత్తడి ట్రిగ్గర్ గార్డు ఉండేచోట దీనికి ఇనుము కనిపిస్తుంది. సిలిండర్ చుట్టూ 1843 నాటి నౌకాయుద్ధం చెక్కి ఉంటుంది. అందులో ఓడలు ఎంతమేర మిగిలాయో చూస్తే తుపాకీ ఎంత అరిగిందో, ఎవరైనా పాలిష్ పట్టారో తెలిసిపోతుంది. లోపమల్లా నిర్మాణంలో ఉంది. సిలిండర్ పైన ఫ్రేము లేదు, బ్యారెల్‌ను పట్టి ఉంచేది ఒక చీల. అది అరిగితే బ్యారెల్ ఊగుతుంది. పైగా ప్రతి గుండుకూ బొటనవేలితో హ్యామర్ (క్యాప్‌ను కొట్టే సుత్తి) లాగాలి.

ఇంగ్లండ్ తుపాకీ తయారీదారు రాబర్ట్ ఆడమ్స్ 1851లోనే ఫ్రేమూ బ్యారెలూ ఒకే ఇనుపముద్దలో చేశాడు. ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ దానంతటదే లేచి పడుతుంది. 1854లో ఇంకర్మన్ యుద్ధంలో రష్యన్ల మధ్య చిక్కుకున్న 88వ రెజిమెంట్ అధికారి క్రాస్, ప్రతిసారీ హ్యామర్ లాగాల్సి వచ్చి ఉంటే ప్రాణాలు దక్కేవి కావని రాశాడు. అయితే అంత గట్టి ట్రిగ్గర్‌తో గురి కుదరడం కష్టం. రాయల్ ఇంజినీర్స్ లెఫ్టినెంట్ బోమాంట్ హ్యామర్‌కు బొటనవేలు ఆనే కొస పెట్టి, తాపీగా గురిచూసి కాల్చే వీలూ కల్పించాడు. 1856లో సైన్యం దాన్నే స్వీకరించింది. అయిదు గుళ్లు, 54 బోరు, అంటే ఒక పౌండు సీసంతో 54 గుళ్లు పోయవచ్చు, ఇంచుమించు .442 క్యాలిబర్. రెండు పద్ధతులూ ఒక్క చేతిలో ఇమిడిన ఆ మరనే నేను ఇష్టపడేది.

1868 నుంచి వీటిని లోహపు తూటాలకు మార్చడం మొదలైంది. కాబట్టి క్యాప్ పెట్టే నిపుల్స్ అలాగే ఉన్న ప్రభుత్వ రివాల్వర్ ఎదురైతే వదలొద్దు. ప్రభుత్వ ఆస్తి అనడానికి గుర్తు బాణం ముద్ర. ముద్ర చుట్టూ లోహమంతా తుప్పు గుంటలు పడి, ముద్ర అంచులు మాత్రం పదునుగా తగిలితే అది ఈమధ్య కొట్టిందే. హ్యామర్‌ను ఊరికే వదలకండి, బొటనవేలితో పట్టి దింపండి. హ్యామర్ లాగినప్పుడు సిలిండర్ కదలకుండా లాక్ కావాలి.

రెండు ట్రిగ్గర్ల ట్రాంటర్ అనే బ్రిటిష్ రివాల్వర్ కూడా ముచ్చటైనదే, కానీ ఎక్కువగా అధికారులు సొంత డబ్బుతో కొన్నది.

ఇక చట్టం. భారత ఆయుధ చట్టం, 1959 ప్రకారం, మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధానికే లైసెన్సు మినహాయింపు. పేలేదైతే 'పురాతనం' అన్న మాట కాపాడదు. అమెరికాలో ఫెడరల్ చట్టం 1898 వరకు తయారైనవాటిని పురాతన ఆయుధాలుగా చూస్తుంది, అయినా మీ రాష్ట్రం నిబంధనలు విడిగా చూసుకోండి. నూరేళ్లు దాటినదాన్ని భారత్ నుంచి సొంతంగా బయటికి పంపడం 1972 నాటి పురావస్తు చట్టం కింద నేరం. అమెరికాలో ఉన్న బంధువుకు ఇక్కడ కొని పంపే ఆలోచన పెట్టుకోకండి.