హీట్‌ఎన్‌బాండ్ లైట్: గుడ్డముక్కలతో పాపికొండలు పేర్చేవారికి

గుడ్డముక్కలతో ప్రకృతి దృశ్యం చేయడంలో తంటా అంతా కుట్టేదాకా ముక్కలు కదలకుండా ఉంచడంలోనే ఉంది. కొండ అంచు వంకరగా ఉంటుంది, చెట్టు కొమ్మ పెన్సిల్ కన్నా సన్నం. గుండుసూదులు గుచ్చితే ముడత పడుతుంది. ఫెవికాల్ రాస్తే ఆరాక అట్టలా బిగుసుకుని సూది దిగదు. అందుకని కాగితం మీద పలచటి జిగురు పొర ఉండే ఫ్యూజింగ్ వెబ్ వాడతారు. ఆ రకంలో అమెరికా కంపెనీ థెర్మ్ ఓ వెబ్ తయారుచేసే హీట్‌ఎన్‌బాండ్ లైట్ గురించే ఈ సమీక్ష.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. మ్యాచింగ్ సెంటర్లో ‘ఫ్యూజింగ్’ అని అడిగితే కాలర్లకూ బ్లౌజు మెడలకూ వేసే క్యాన్వాస్ ఇస్తారు. దానికి జిగురు ఒకవైపే ఉంటుంది, కాబట్టి ఈ పనికి అడుగు గుడ్డను గట్టిపరచడానికే పనికొస్తుంది. మనకు కావలసింది రెండువైపులా అంటేది, వెనక కాగితం ఉన్నది. కాగితం లేకుండా సాలెగూడులా మీటరు లెక్కన దొరికే జిగురు వల కూడా ఉంది. ప్యాంటు అంచు మడవడానికి అది చాలు. చిన్న ఆకులు, పడవ తెరచాప లాంటి వాటికి మాత్రం తలనొప్పి: దానిమీద గీత గీయలేం, ముక్క దాటి బయటికి వచ్చిన జిగురంతా ఇస్త్రీ పెట్టెకు పట్టుకుంటుంది.

అదే కంపెనీ ఎర్ర ప్యాకెట్, ఊదా ప్యాకెట్ చూసి చాలామంది పొరబడతారు. అల్ట్రాహోల్డ్ అని రాసి ఉన్న ఎర్రదానిలో జిగురు మందంగా ఉంటుంది, కుట్టు అవసరం లేకుండా పట్టి ఉంటుంది. దానిమీద కుట్టవద్దని తయారీదారులే చెబుతారు. కుడితే జిగురు సూదికి చుట్టుకుని దారం తెగుతుంది, కుట్లు దాటిపోతాయి. దృశ్యాలకు ఊదా ప్యాకెట్‌లో వచ్చే లైట్ కొనండి. అయితే లైట్ పట్టు సగమే, మిగతా సగం కుట్టు పట్టాలి. కుట్టకుండా వదిలేసి ఉతికితే అంచులు లేస్తాయి.

17 అంగుళాల వెడల్పు, గజం పొడవు ప్యాక్ అంటే 612 చదరపు అంగుళాలు. 12×8 దృశ్యానికి 96 చదరపు అంగుళాలు సరిపోవు. ముక్కలు ఒకదాని కిందికి ఒకటి వెళ్లాలి, కత్తిరింపు వృథా ఉంటుంది. 140 లెక్కేసుకుంటే ప్యాక్‌కు నాలుగు దృశ్యాలు. పండక్కి పదిమందికి ఇవ్వాలనుకుంటే మూడు ప్యాక్‌లు తెచ్చుకోండి, చివర్లో ఊరంతా తిరగక్కర్లేదు.

వాడకం చూద్దాం. పాపికొండల మధ్య గోదావరి అనుకోండి. 12×8 బొమ్మకు 14×10 అంగుళాల పలచటి నూలుగుడ్డ తీసుకుని వెనక క్యాన్వాస్ అంటించండి, మరీ మెత్తగా ఉంటే మిషన్ కింద గుడ్డ ముడుచుకుంటుంది. గుడ్డలన్నీ ముందే ఉతకాలి. కొత్త చేనేత ముక్కలో గంజి ఉంటే జిగురు గంజికే అంటుకుంటుంది, గుడ్డకు కాదు. వారం తిరక్కుండా ఊడివస్తుంది. ఫ్యాబ్రిక్ కండిషనర్ వేసినా అంతే.

ఒక కాగితం మీద దృశ్యం గీసి, వెనక ఉన్నదాని నుంచి ముందుకు నంబర్లు వేయండి: ఆకాశం, దూరపు కొండ, నడిమి కొండలు, నీళ్లు, దగ్గరి కొండలు, ఇసుక, పడవ. నీటిగీత సరిగ్గా నడుమ పెడితే బొమ్మ రెండు చెక్కలైనట్టు ఉంటుంది, పై మూడోవంతు దగ్గర పెట్టండి. తర్వాత ఆ కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి వెనకవైపు నుంచి గీతలను వెబ్ కాగితంపైకి ఎక్కించాలి. నేరుగా ఎక్కిస్తే కుడికొండ ఎడమకు పోతుంది. వెనకముక్క ముందుముక్క కిందికి పావు అంగుళం చొచ్చుకునేలా గీత పెంచండి. లేకపోతే కుట్టేటప్పుడు సందులోంచి అడుగుగుడ్డ తెల్లగా పలకరిస్తుంది.

ఇస్త్రీ పెట్టె ‘సిల్క్’ దగ్గర, ఆవిరి ఆపేసి. గుడ్డ వెనకవైపున కాగితం పైకి ఉండేలా పెట్టి, ఒక్కోచోట రెండు సెకన్లు నొక్కి ఎత్తండి. బట్టలకు తోసినట్టు తోయకూడదు, ముక్క సాగిపోతుంది. చల్లారాక గీత వెంట కత్తిరించి, కాగితం తీసి, స్థానంలో పెట్టి, ఆరు నుంచి ఎనిమిది సెకన్లు నొక్కితే అంటుకుంటుంది. కాగితం అంచు దొరక్కపోతే గోటితో గీరి గుడ్డను పీకకండి. కాగితం మధ్యలో సూదిమొనతో చిన్న గీత గీసి, అక్కడ మడిస్తే లేస్తుంది.

ఏది తప్పినా చూడగానే తెలుస్తుంది. కాగితంతోపాటు జిగురు కూడా వచ్చేస్తే వేడి తక్కువైనట్టు. గుడ్డ పైవైపున తడి మరకలా నల్లబడితే వేడి ఎక్కువై జిగురు నేతలోకి ఇంకిపోయినట్టు, ఇక అది దేనికీ అంటదు, ఆ ముక్క పారేసుకోవడమే. ‘కాటన్’ మీద నిమిషంసేపు నొక్కితే ఇంకా గట్టిగా పడుతుందనే నమ్మకమే ఎక్కువ బొమ్మల్ని చెడగొడుతుంది. పెట్టెకు జిగురు అంటకుండా సిలికాన్ పూత ఉన్న బేకింగ్ కాగితం పైన వేయండి.

రంగుల సంగతి. దూరం పెరిగేకొద్దీ కొండ పలచబడి నీలిబూడిద రంగులోకి జారుతుంది. అందుకు కొత్త గుడ్డ కొననక్కర్లేదు. ముదురు నీలం ప్రింటు ముక్కను దగ్గరి కొండకు నేరుగా, దూరపు కొండకు తిరగేసి వాడండి. వెనకవైపు వెలిసినట్టుండి మంచు కమ్మినట్టు కనిపిస్తుంది. నీళ్లకు పోచంపల్లి ఇక్కత్ తునకను మించింది లేదు. ఇక్కత్ రంగు అంచులు మసకగా ఉంటాయి కదా, ఆ మసక అడ్డంగా వచ్చేలా తిప్పితే అలలు వాటంతటవే వస్తాయి. చెట్లకు పెడన కలంకారీలో చిన్న ఆకుల అచ్చు చూడండి. పెద్ద పూలున్నది అక్కర్లేదు, కొండంత పువ్వు వస్తుంది. జరీ అంచు ఎండపొడకు బాగుంటుంది గానీ ఇమిటేషన్ జరీ వేడికి ముడుచుకుంటుంది, పైన నూలుగుడ్డ కప్పి నొక్కాలి. కొండల మీద పొగమంచుకు ఆర్గంజా వేసేవాళ్లు దానికి వెబ్ వాడకండి. జిగురు చుక్కలు లోపలినుంచి మెరుస్తాయి. దాన్ని కుట్టుతోనే ఆపాలి.

కుట్టుకు 14 నంబర్ సూది. పాత నల్లమిషన్ మీదైనా అంచుకు రెండు మిల్లీమీటర్లు లోపల నేరుకుట్టు చాలు. గుడ్డను ముందుకు జరిపే మిషన్ పళ్లు దించే వీలుండి, గుడ్డను ఎటైనా తిప్పనిచ్చే డార్నింగ్ ఫుట్ ఉంటే రెల్లుగడ్డి, అలల గీతలు దారంతోనే గీయొచ్చు. లైట్ కూడా మూడు నాలుగు పొరలు ఒకేచోట పడితే సూదికి కొంత అంటుతుంది. స్పిరిట్ ముంచిన దూదితో తుడుస్తూ ఉండండి. కొండ వెనక ఆకాశం మొత్తానికి వెబ్ వేయడం ఈ తిప్పలకు ఒక కారణం. పెద్ద ముక్కలకు అంచువెంట అంగుళం పట్టీగా వేసి నడుమ ఖాళీ వదిలితే బొమ్మ మెత్తగా ఉంటుంది, వెబ్ కూడా మిగులుతుంది.

కానుకగా ఏది ఇవ్వాలి? నాలుగు బై ఆరు అంగుళాల గుడ్డకార్డులు సంక్రాంతికీ క్రిస్మస్‌కూ త్వరగా అవుతాయి. వీటిని కుట్టే ఓపిక లేకపోతే అల్ట్రాహోల్డ్ నయం. కప్పు కింద వేసే పట్టాలకు లైట్ పెట్టి చుట్టూ జిగ్‌జాగ్ వేయండి, వేడి గిన్నెల కిందికి మాత్రం ఇవ్వకండి, జిగురు మెత్తబడుతుంది. ఫ్రేము కట్టిస్తే అద్దం గుడ్డకు తగలకుండా సన్న అట్టపట్టీ పెట్టించండి, లేకపోతే వానాకాలం చెమ్మకు బూజు పడుతుంది. కలంకారీ ఉన్న బొమ్మ ఎండపడే గోడకు వద్దని కానుకతోపాటే చెప్పేయండి.

ధర స్థానిక జిగురు వల కంటే ఎక్కువే. ఎండాకాలంలో బీరువాపైన పడేస్తే జిగురు పొర కాగితం నుంచి విడిపోతుంది, మడత దగ్గర విరుగుతుంది కూడా. గొట్టానికి చుట్టి చల్లగా ఉన్నచోట పెట్టుకోవాలి. విదేశంలో ఉన్నవాళ్లకు పార్శిల్ చేసే దృశ్యాన్నీ అంతే, మడవకండి. బొమ్మ బయటివైపు ఉండేలా చుట్టండి. లోపలికి చుడితే అతికిన కొండలన్నీ నలిగి అంచులు లేస్తాయి.