పెట్రోలు పెరిగితే ఆకాశమూ ప్రియమేనా? ఉజ్జయిని, మైసూరు, దుబాయి: ఎక్కడ దూకడం మేలు?

మొదట మా మేనల్లుడు అడిగాడు. తరువాత మా కాలనీలో ఇద్దరు అడిగారు. మొన్న హన్మకొండ చౌరస్తాలో టీ తాగుతుంటే, ముఖపరిచయం తప్ప పేరు కూడా తెలియని ఒకాయన పక్కన కూర్చుని అదే అడిగారు. "ఇంధనం ధరలు పెరుగుతున్నాయి కదండీ, స్కైడైవింగ్ రేటు ఇంకా పెరగకముందే చేసేయాలా? చేస్తే ఎక్కడ మేలు?" రెండేళ్ల కిందట చలికాలంలో విమానం నుంచి ప్యారాచూట్‌తో ఒక్కసారి దూకి వచ్చినందుకు నేను ఈ ఊళ్లో విమానాల నిపుణుణ్ని అయిపోయాను. నాకు తెలిసింది కాస్తే, అది కూడా లెక్క వేసుకుని తెలుసుకున్నది.

ఇంధనం ధరకు భయపడి తొందరపడనక్కరలేదు. టాండెమ్, అంటే ఇన్‌స్ట్రక్టర్‌కు కట్టుకుని, దూకేవారి టికెట్టులో ఇంధనం వాటా మనం ఊహించేదానికంటే చాలా చిన్నది.

మన దేశంలో ఎక్కువగా వాడేది సెస్నా 182 అనే చిన్న విమానం. పిస్టన్ ఇంజనుతో, ఏవ్‌గ్యాస్ అనే పెట్రోలుతో నడుస్తుంది. సీట్లు పీకేసిన ఆ డబ్బాలో పైలట్ కాక నలుగురు పడతారు. అంటే డబ్బు కట్టినవారు ఇద్దరు, వారిని కట్టుకుని దూకే ఇన్‌స్ట్రక్టర్లు ఇద్దరు. పదివేల అడుగులకు ఎక్కి దిగడానికి అరగంట పైన పడుతుంది, ముప్ఫై లీటర్లు అటు ఇటుగా కాలుతుంది. అంటే తలకు 15 లీటర్లు. పెద్ద చోట్ల వాడే సెస్నా క్యారవాన్ టర్బైన్ విమానం, తాగేది ఏటీఎఫ్ అనే కిరోసిన్ రకం జెట్ ఇంధనం. పద్నాలుగు మందిని పదమూడు వేల అడుగులకు తీసుకుపోయి ఇరవై నిమిషాల్లో కిందికి వచ్చేస్తుంది. డెబ్బై ఎనభై లీటర్లు కాల్చినా, ఏడు జంటలకు పంచితే తలకు 11 లీటర్లే.

ఏవ్‌గ్యాస్ ఎప్పుడూ ఏటీఎఫ్ కంటే ప్రియమే కనుక, లెక్క కోసం దాన్ని లీటరు 200 రూపాయలనే అనుకుందాం. 15 లీటర్లకు 3,000. దేశంలో టాండెమ్ టికెట్టు ముప్ఫై వేలకు అటు ఇటుగా ఉంది. ఇంధనం ఇరవై శాతం పెరిగితే మీ మీద పడేది 600 రూపాయలు. క్యారవాన్‌లో అయితే, ఏటీఎఫ్ లీటరు 100 అనుకుంటే, 220 రూపాయలు. ఈ మాత్రానికి సెలవు పెట్టి పరుగెత్తాలా?

ఏటీఎఫ్ ధరను చమురు సంస్థలు ప్రతి నెలా ఒకటో తేదీన మారుస్తాయి. 2020 మే నెలలో ఢిల్లీలో అది కిలోలీటరుకు, అంటే వెయ్యి లీటర్లకు, 21 వేల చిల్లర. 2022 జూన్‌లో 1,41,000 దాటింది. రెండేళ్లలో ఆరింతలకు పైగా. స్కైడైవింగ్ టికెట్టు ఆరింతలు కాదు కదా, రెండింతలు కూడా కాలేదు. (2020 మేలో దూకేవారే లేరు లెండి, అందరం ఇళ్లలో కూర్చుని పప్పు వండుకుంటున్నాం.)

మరి టికెట్టు ఎందుకంత? నేను దూకిన చోట, ఊరూ పేరూ చెప్పను, రెండు రోజులు కూర్చోబెట్టారు. మొదటి రోజు గాలి బాగాలేదన్నారు, అది సరే. రెండో రోజు గాలి బాగానే ఉంది, రెండో మనిషి రాలేదు. విమానం ఒక్కడి కోసం లేవదు. షేర్ ఆటో చౌరస్తాలో నిండేదాకా కదలదు చూడండి, అచ్చం అలాగే. మధ్యాహ్నం ఎవరో కుర్రవాడు వచ్చాక లేచింది. అయిపోయాక బిల్లులో "ఇంధన అదనపు చార్జీ 2,500" అని ఒక వరస కనిపించింది. నా వాటా ఇంధనమే మూడు వేలయితే, దాని మీద రెండున్నర వేలు అదనం అంటే ఇంధనం ఎనభై శాతం పెరిగి ఉండాలి. అదే అడిగాను. అక్కడి నిర్వాహకుడు నవ్వి, మంచి మనిషే పాపం, నిజం చెప్పాడు: "సార్, ఇన్‌స్ట్రక్టర్ జీతం పెరిగిందంటే జనం గొడవ పడతారు. పెట్రోలు పెరిగిందంటే ఎవరూ మాట్లాడరు."

జీతాలు, ప్యారాచూట్లు, బీమా, విమానం మరమ్మతు. టికెట్టును మోసేవి ఇవే. టాండెమ్ ప్యారాచూట్ సెట్టు కొత్తది లక్షల్లో ఉంటుంది, విదేశాల నుంచి రావాలి. ఇంజను విడిభాగాలకూ డాలర్లలోనే కట్టాలి. కాబట్టి క్రూడ్ ధరకంటే రూపాయి పతనం ఈ వ్యాపారానికి గట్టి దెబ్బ. రెండూ తరచూ కలిసే వస్తాయి, నింద మాత్రం పెట్రోలు మీదికి పోతుంది. దీనికి తోడు పన్ను సంగతి ఒకటి ఉంది. ఏటీఎఫ్ ఇంకా జీఎస్టీలోకి రాలేదు. రాష్ట్రాలు తమకు తోచిన వ్యాట్ వేస్తాయి. టికెట్టు మీద జీఎస్టీ కట్టే నిర్వాహకుడు ఇంధనం మీద కట్టిన వ్యాట్‌ను అందులో తగ్గించుకోలేడు. ఆ భారం నేరుగా మనకే వస్తుంది.

కాబట్టి ఎక్కడ దూకాలో తేల్చుకునేటప్పుడు నేను అడిగేవి రెండే ప్రశ్నలు. ఆ విమానంలో ఎంతమంది ఎక్కుతారు? నిండకపోతే ఎంతసేపు ఆపుతారు? క్యారవాన్ నిండితే చౌక, నిజమే. ఏడు జంటలకు బదులు మూడే వచ్చి లేస్తే తలకు 25 లీటర్లు అవుతుంది. అందుకే వాళ్లు ఆపుతారు, లేదా రద్దు చేస్తారు. చిన్న సెస్నాకు ఒక్క తోడు దొరికితే చాలు. ఇద్దరు స్నేహితులు కలిసి వెళితే విమానం నిండినట్టే. పెద్ద విమానం గొప్పదని అందరూ అంటారు కానీ, జనం తక్కువగా దూకే మన దేశంలో నా ఓటు చిన్నదానికే.

చిన్నదానిలో లోటు ఎత్తు. పదివేల అడుగుల నుంచి ప్యారాచూట్ తెరిచేదాకా అరనిమిషం. పదమూడు వేల నుంచి ముప్పావు నిమిషం. ఆ పదిహేను సెకన్లకు విలువ ఎంతన్నది ఎవరికి వారు తేల్చుకోవాలి. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి పిస్టన్ ఇంజను నీరసిస్తుంది, చివరి వెయ్యి అడుగులకే ఎక్కువ సమయం, ఎక్కువ పెట్రోలు. మాది తొమ్మిది వేల దగ్గర రొప్పడం మొదలుపెట్టింది. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని నేల మీద కూర్చున్న నాకు, ఇన్‌స్ట్రక్టర్ మణికట్టు మీద ఎత్తు చూపే ఆల్టిమీటరు ముల్లు ఒక్కటే లోకం. అది కదలదు. భయం ఎక్కడికి పోయిందో తెలియదు, బండి ఎత్తు ఎక్కలేక దిగి తోయమంటారేమోనన్న బాధే మిగిలింది.

అన్నట్టు, లేవడానికి ముందు పైలట్ రెక్క కింద చిన్న గాజు గొట్టం పెట్టి కాస్త పెట్రోలు పట్టి, వెలుగుకు ఎత్తి చూశాడు. నీలిమందు కలిపిన నీళ్లలా లేత నీలం. అడుగున నీళ్ల బొట్టు ఉందేమోనని చూడటమట. ఏవ్‌గ్యాస్‌కు ఆ రంగు కావాలనే కలుపుతారు. ఈ ఇంధనం మొన్నమొన్నటిదాకా మనకు పూర్తిగా దిగుమతే. 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ వడోదర రిఫైనరీలో తయారుచేసి ఢిల్లీ దగ్గరి హిండన్ వైమానిక స్థావరంలో విడుదల చేసింది.

ఇక ఊళ్ల సంగతి. వరంగల్ నుంచి బయలుదేరేవారికి ఇంధనం అసలు దెబ్బ నేల మీదే. హన్మకొండ నుంచి మైసూరుకు కారులో పోను రాను 1,700 కిలోమీటర్ల పైచిలుకు. లీటరుకు 17 ఇచ్చే బండి అయినా 100 లీటర్లు తాగుతుంది. లీటరు 107 రూపాయలు దాటి చాలా కాలమైంది, అంటే పదివేలు హైవే మీదే ఆవిరి. నలుగురు కలిసి వెళ్లినా తలకు 25 లీటర్లు, విమానం మీకోసం కాల్చేదానికంటే ఎక్కువ. విమానం పెట్రోలు గురించి దిగులుపడుతూ ఇన్నోవా మాట్లాడుకున్నవారిని నేను చూశాను. మైసూరు బాగుంటుంది, పైనుంచి చాముండి కొండ కనిపిస్తుంది, వాతావరణం చల్లన. వెళ్లేవారు కాచిగూడ నుంచి మైసూరు రైలు ఎక్కండి, కారు వద్దు.

ఉజ్జయిని నాకు నచ్చిన దారి. మధ్యప్రదేశ్ పర్యాటక శాఖ కొన్నేళ్లుగా చలికాలంలో దతానా ఎయిర్‌స్ట్రిప్‌లో స్కైడైవింగ్ ఉత్సవం నడుపుతోంది. చిన్న సెస్నా, పదివేల అడుగులు. తేదీలు ముందే ప్రకటిస్తారు కాబట్టి జనం ఆ రోజుల్లోనే గుమిగూడతారు, తోడు కోసం ఎదురుచూడక్కరలేదు. నేను పైన చెప్పిన రెండు ప్రశ్నలకూ అక్కడ జవాబు దొరుకుతుంది. ఉదయం కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రికి భోపాల్, అక్కడి నుంచి మూడు నాలుగు గంటలు. కరెంటు రైలు కనుక పెట్రోలు బంకు ముఖం చూడనక్కరలేదు. పైగా ఇంట్లో స్కైడైవింగ్ అన్న మాటే ఎత్తకుండా మహాకాళేశ్వరుడి దర్శనానికని చెప్పి బయలుదేరవచ్చు. మైసూరులో ఈ సౌకర్యానికి చాముండేశ్వరి ఉంది కానీ, అంతదూరం అమ్మవారి కోసమే అంటే మావాళ్లు నమ్మరు.

దుబాయి వేరే సంగతి. జగిత్యాల, కరీంనగర్, నిర్మల్ వైపు ఏ ఊళ్లోనైనా అన్నో బావో గల్ఫ్‌లో ఉంటారు కాబట్టి ఈ ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. తాటిచెట్టు ఆకారపు దీవి మీద పదమూడు వేల అడుగుల నుంచి దూకించే టికెట్టు రెండు వేల దిర్హాములు దాటుతుంది, మన డబ్బులో అర లక్ష పైనే. ఇరవై మందిని మోసే ట్విన్ ఆటర్ విమానాలు రోజంతా నిండుతూనే ఉంటాయి, తలకు పడే ఇంధనం తక్కువ. దిర్హాము డాలరుకు 3.67 దగ్గర కట్టేసి ఉంది, కాబట్టి అక్కడ రేటు కదలకపోయినా రూపాయి జారితే మనకు పెరిగినట్టే. అసలు భారం విమాన టికెట్టు. మన విమాన సంస్థల ఖర్చులో మూడో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఇంధనమే. ఏటీఎఫ్ పెరిగితే ఆ సెగ శంషాబాద్‌లో తగులుతుంది, ఎడారి మీద కాదు. బావగారింట్లో దిగి, ఎలాగూ వెళ్లాల్సిన పని ఉంటే తప్పక దూకండి. దూకడానికే అయితే వద్దు.

హరియాణాలో నార్నౌల్ ఉంది, ఢిల్లీలో పని ఉన్నవారికి వీలు. పటాయా సంగతి థాయ్‌లాండ్ వెళ్లేవారు చూసుకుంటారు. పారామోటారు, వేడిగాలి బెలూను వేరే ముచ్చట్లు, వాటిని దీనితో పోల్చడం బిర్యానీని సర్వపిండితో పోల్చినట్టు. సర్వపిండి నాకు ఇష్టమే.

గండిపేట వైపు ఉన్న ఇండోర్ స్కైడైవింగ్ మాత్రం తీసిపారేసేది కాదు. గొట్టంలో కింది నుంచి గాలి కొడితే తేలుతారు. కొన్ని వేలతో అయిపోతుంది, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంట్లో ఉండవచ్చు. అక్కడ చుక్క పెట్రోలు ఖర్చు కాదు, అంతా కరెంటు. ఆ మాటకొస్తే మన రామగుండం, భూపాలపల్లి బొగ్గే మనల్ని పైకి లేపుతున్నట్టు. లోపల రెండు నిమిషాలు తేలితే మూడు నాలుగు దూకుళ్లంత ఫ్రీఫాల్, అంటే ప్యారాచూట్ తెరవకముందు పడే సమయం. విమానం తలుపు తెరుచుకున్నప్పటి చల్లదనం ఉండదంతే. అసలు దూకగలనా లేదా అని తేల్చుకోలేనివారు ముందు ఇక్కడికే వెళ్లండి.

ఇంధనం ధరకు నిజంగా భయపడవలసినవారు ఒకరున్నారు. సరదాకు ఒకసారి దూకేవారు కాదు, నేర్చుకోవాలనుకునేవారు. అమెరికా పద్ధతిలో మొదటి లైసెన్సుకే 25 సార్లు దూకాలి. శిక్షణ అయ్యాక సొంత ప్యారాచూట్‌తో వచ్చేవారు కట్టేది కేవలం విమానంలో చోటుకు. ఆ చిన్న టికెట్టులో పెద్ద భాగం ఇంధనమే. 2008లో, మళ్లీ 2022లో ధరలు మండినప్పుడు అమెరికాలో చాలాచోట్ల ఆ టికెట్టు మీదే డాలరో రెండు డాలర్లో అదనంగా వేశారు. రోజుకు ఆరుసార్లు, ఏడాదికి రెండు వందల సార్లు దూకేవారికి అది చిన్న మాట కాదు. మీరు ఆ దారిలో ఉంటే నెల నెలా ఒకటో తేదీన ఏటీఎఫ్ ధర చూడండి. మిగతావారు చూడకండి.

మా వరంగల్ పక్కనున్న మామునూరు గురించి కూడా అడుగుతారు. నిజాం కాలపు ఎయిర్‌స్ట్రిప్, 1981 దాకా నడిచింది, 2025లో మళ్లీ అనుమతి వచ్చింది. రేపు విమానాలు దిగితే దుబాయి ప్రయాణం తేలిక కావచ్చు. అక్కడే దూకొచ్చా అంటే, దూకేవారు రోజుకు నలుగురైనా దొరకాలి కదా. టీ కొట్టు దగ్గర అడిగినాయనతో అదే అన్నాను. "మీరు వస్తే ఇద్దరం," అన్నారాయన.

మా మేనల్లుడు ఉజ్జయినికే నిశ్చయించుకున్నాడు. తోడుకు కాలేజీ స్నేహితుడు ఉన్నాడు, తేదీలు ప్రకటించగానే కాజీపేట నుంచి రైలు టికెట్లు తీస్తాడట. మహాకాళేశ్వరుడి భస్మ ఆరతికి అని ఇంట్లో చెప్పాడు. విని మా అక్క తానూ వస్తానంది. గుడి నుంచి ఎయిర్‌స్ట్రిప్ కనిపిస్తుందా మామయ్యా అని నిన్న రాత్రి ఫోను చేశాడు.